వైకుంఠపాళి నుండి అంతరిక్ష క్రీడల వరకు: అన్వేషణ స్వరూపం

ఉపోద్ఘాతం:

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే సరిహద్దు సీమ. తెలుగువారి వైకుంఠపాళి, తమిళుల పరమపదం ఒకే ఆటకు రెండు పేర్లు. తమిళనాట వైకుంఠ ఏకాదశి జాగరణలో దీనిని ఆడడం ఆచారం. లోకాల గుండా సాగే ఈ ఆటను నేటి అంతరిక్ష వీడియో గేములతో పోల్చి, అన్వేషణలో ఆసక్తి ఎలా కలుగుతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పేరున్న గడి:

వైకుంఠపాళి పటం ఆటగానికి మొదటే పూర్తిగా కనిపిస్తుంది. దారిని ఎంచుకొనే స్వేచ్ఛ లేదు. పడిన పందెమే గతి. అయినా ఉత్కంఠ తగ్గదు. నిచ్చెనలు సుగుణాలకు, పాములు దుర్గుణాలకు, రాక్షసులకు ప్రతీకలు కావడమే దీనికి కారణం. పైవరుసల్లో దేవలోకాలు, శిఖరాన వైకుంఠం ఉంటాయి. పరమపదానికి చేరువైనవానిని పెద్దపాము మింగితే పోయేది గడులు మాత్రమే కాదు, కూడబెట్టిన పుణ్యం కూడా. 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరిన ఈ ఆట అక్కడ క్రమంగా ఈ అర్థాలను కోల్పోయింది, అంకెలే మిగిలాయి.

లెక్కలో పుట్టిన లోకాలు:

1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కంప్యూటరు కోసం రూపొందించిన 'ఎలైట్' 8 గెలాక్సీలను, ఒక్కొక్కదానిలో 256 గ్రహాలను చూపింది. 32 కిలోబైట్ల మెమరీలో అవన్నీ నిల్వ ఉండడం అసాధ్యం. చిన్న బీజసంఖ్య నుండి గణితసూత్రం ప్రతిసారీ అవే లోకాలను తిరిగి పుట్టించేది. 2016 నాటి 'నో మ్యాన్స్ స్కై' ఈ మార్గంలోనే సుమారు 1.8 లక్షల కోట్ల కోట్ల గ్రహాలను సృష్టించింది. అయితే గ్రహాలన్నీ ఒకే తీరున ఉన్నాయని తొలినాళ్లలో చాలామంది ఆటగాళ్లు పెదవి విరిచారు. కనుగొన్న గ్రహానికి పేరు పెట్టే అవకాశం మాత్రం ఆ ఆటలో ఉంది.

2019లో వచ్చిన 'అవుటర్ వైల్డ్స్' ఇందుకు భిన్నం. అందులో ఉన్నది ఒక చిన్న సౌరకుటుంబం. 22 నిమిషాలకు సూర్యుడు పేలి, ఆట మళ్లీ మొదటికి వస్తుంది. ఆటగాడు వెంట తీసుకువెళ్లగలిగేది తాను తెలుసుకున్న విషయమొక్కటే. పెద్దపాము మింగినా ఇక్కడ జ్ఞానం మిగులుతుంది.

ముగింపు:

అన్వేషణకు ప్రాణం విస్తీర్ణం కాదు, చేరిన చోటికి ఉన్న అర్థం. తెలియనిదాన్ని దాచకుండానే ఉత్కంఠను నిలపవచ్చునని వైకుంఠపాళి, గెలుపును జ్ఞానంతో ముడిపెట్టవచ్చునని 'అవుటర్ వైల్డ్స్' నిరూపించాయి. తెలుగులో అంతరిక్ష క్రీడలు రూపొందించదలచినవారు వైకుంఠపాళి నుండి పాములను, నిచ్చెనలను మాత్రమే గ్రహిస్తే దక్కేది అలంకారం. ప్రతి గడికీ ఒక అర్థాన్నిచ్చిన దృష్టిని గ్రహించినపుడే ఆ వారసత్వం కొనసాగుతుంది.