అస్సూఫీ గుర్తించిన చిన్న మేఘం – సర్పిల గెలాక్సీల చరిత్ర

ఖగోళశాస్త్రానికి ముస్లిం విద్వాంసులు చేసిన సేవ అనగానే ఖిబ్లా దిశా నిర్ణయం, నమాజు వేళల గణన, ఉస్తుర్లాబు అనే నక్షత్ర యంత్ర నిర్మాణం ముందుగా గుర్తుకు వస్తాయి. అంతగా ప్రచారంలోకి రాని సేవ మరొకటి ఉంది. చుట్టలు తిరిగిన బాహువులతో కనిపించే సర్పిల గెలాక్సీలలో ఒకదానిని గురించి నేడు లభిస్తున్న తొలి లిఖిత ప్రస్తావన పదవ శతాబ్దపు అరబ్బీ గ్రంథంలో ఉంది.

ఆ గ్రంథకర్త అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ (903–986). ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించి, బువైహీ పాలకుడు అదుదుద్దౌలా ఆదరణలో పనిచేశాడు. సుమారు 964లో, అనగా హిజ్రీ 353 ప్రాంతంలో, 'సువరుల్ కవాకిబ్' అనే గ్రంథాన్ని రచించాడు. గ్రీకు పండితుడు టాలమీ పట్టికలోని వెయ్యికి పైగా నక్షత్రాల స్థానాలను, కాంతి తరగతులను ఆయన స్వయంగా పరిశీలించి, తేడా కనిపించిన చోట దానిని రాశాడు. 48 నక్షత్ర రాశులలో ప్రతిదానికీ రెండు చిత్రాలు ఇచ్చాడు. ఒకటి ఆకాశంలో కనిపించే తీరు, రెండవది ఖగోళ గోళంపై కనిపించే తీరు.

ఆండ్రోమెడా రాశిని వర్ణిస్తూ, అరబ్బులు ఊహించిన పెద్ద చేప నోటి వద్ద ఒక మేఘపు మరక ఉన్నదని ఆయన పేర్కొన్నాడు. టాలమీ పట్టికలో ఇది లేదు. ఇక్కడ గమనించదగిన విషయమేమంటే, అది ఏమిటో తేల్చి చెప్పడానికి అస్సూఫీ ప్రయత్నించలేదు. అది ఉన్న చోటును, కనిపించే రూపాన్ని మాత్రం నమోదు చేశాడు.

ఆ మరక స్వరూపం తెలియడానికి దాదాపు వెయ్యేళ్లు పట్టింది. 1612లో జర్మనీకి చెందిన సైమన్ మారియస్ దానిని దూరదర్శినితో చూశాడు. 1764లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు మెస్సియే తన పట్టికలో దానికి 31వ సంఖ్య ఇచ్చాడు. 1845లో ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల దూరదర్శినితో మరొక నీహారికలో సర్పిలాకారాన్ని మొదటిసారిగా గుర్తించాడు. ఇవి పాలపుంతలోని వాయు మేఘాలా, దాని వెలుపలి నక్షత్ర సముదాయాలా అన్న వివాదం 1920 నాటికి కూడా తేలలేదు. 1923లో ఎడ్విన్ హబుల్ మౌంట్ విల్సన్ వేధశాలలో ఆండ్రోమెడాలోని ఒక చంచల నక్షత్రాన్ని గుర్తించి, దాని ద్వారా దూరాన్ని లెక్కించాడు. అది పాలపుంతకు ఎంతో వెలుపల ఉన్న మరో గెలాక్సీ అని స్పష్టమైంది. ఆ దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలని నేటి లెక్క. అంటే అస్సూఫీ కంటికి చేరిన కాంతి భూమిపై మానవ నాగరికతలు పుట్టకముందే బయలుదేరినది.

దూరం తెలిసిన తరువాత పుట్టుకను గురించిన ప్రశ్న ముందుకు వచ్చింది. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. తొలి దశలో కంటికి కనిపించని కృష్ణ పదార్థం గురుత్వాకర్షణ వల్ల అక్కడక్కడ పోగుపడింది. ఆ పోగులలోకి హైడ్రోజన్, హీలియం వాయువులు జారి, వేడిని కోల్పోయి కుదించుకున్నాయి. కుదించుకునే కొద్దీ భ్రమణ వేగం హెచ్చి, వాయువు పళ్లెంలా పరచుకుంది. అందులో నక్షత్రాలు పుట్టాయి.

బాహువుల సంగతి ఇంకా చిక్కైనది. లోపలి నక్షత్రాలు బయటివాటికన్నా త్వరగా చుట్టు పూర్తిచేస్తాయి. బాహువులు ఎప్పుడూ అవే నక్షత్రాలతో కూడి ఉంటే కొద్ది చుట్లలోనే బిగుసుకుపోయి చెదిరిపోవాలి. 1964లో లిన్, షూ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వారి ప్రకారం బాహువులు సాంద్రతా తరంగాలు. ఇరుకు దారిలో బండ్లు నెమ్మదించి గుమిగూడి మళ్లీ సాగిపోయినట్లు నక్షత్రాలు, వాయువు వాటిగుండా సాగిపోతాయి.

తొలి విశ్వంలో వాయువు అల్లకల్లోలంగా ఉండేది. గెలాక్సీలు తరచుగా ఢీకొనేవి. కనుక చక్కని సర్పిలాలు ఏర్పడటానికి చాలా కాలం పట్టి ఉంటుందని పలువురు భావించారు. 2012లో సుమారు 1070 కోట్ల సంవత్సరాల నాటి సర్పిల గెలాక్సీ ఒకటి వెల్లడైనప్పుడు అది అరుదైన విశేషంగా తోచింది. 2021 డిసెంబరులో ప్రయోగించిన జేమ్స్ వెబ్ దూరదర్శిని అంతకన్నా పూర్వకాలంలోనే పళ్లెపు ఆకారపు గెలాక్సీలు అనేకం ఉన్నట్లు చూపింది. ఆ దూరదర్శిని చిత్రాలలోనే పుణేలోని జాతీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రానికి చెందిన రాశీ జైన్, యోగేశ్ వాడదేకర్ విశ్వానికి దాదాపు 150 కోట్ల సంవత్సరాల వయస్సున్న నాటి సర్పిల గెలాక్సీని కనుగొని 2025లో ప్రకటించారు. రెండు స్పష్టమైన బాహువులున్న ఆ గెలాక్సీకి అలకనంద అని పేరు పెట్టారు. అంత స్వల్ప కాలంలో అంత క్రమమైన రూపం ఎలా సిద్ధించిందన్నది సిద్ధాంతకర్తల ముందున్న ప్రశ్న.

అస్సూఫీ గ్రంథపు అరబ్బీ మూలాన్ని 1954లో హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా ముద్రించింది. టాలమీ అంతటి పండితుని పట్టికలో లేనంత మాత్రాన కంటికి కనిపించిన మరకను అస్సూఫీ విడిచిపెట్టలేదు. కారణం తెలియనంత మాత్రాన దానికి కల్పిత వివరణా అంటగట్టలేదు. అలకనంద విషయంలోనూ జరిగినది ఇదే. సిద్ధాంతం ఆశించని చోట సర్పిలం కనిపించింది, పరిశీలకులు దానిని కొలిచి నమోదు చేశారు. సిద్ధాంతాన్ని సవరించడం ఆ తరువాతి పని.