పిలవని చుట్టాలు

వినాయకుణ్ణి నీళ్ళలో కలిపేసి, బతుకమ్మకి తంగేడూ గునుగూ ఏరుకునే రోజులొచ్చాయంటే శంషాబాద్ పక్కనున్న హిమాయత్ సాగర్‌కి చుట్టాలు దిగడం మొదలవుతుంది. ముందు కాటుకపిట్టలు, ఉల్లంకులు. వెనకాలే సూదితోక బాతులు. హిమాలయాల నుంచీ, వాటికి ఆవలి నుంచీ వస్తాయి. చలికి భయపడి వస్తాయనుకుంటాం గానీ, అసలు బెంగ తిండిది. అక్కడ నీళ్ళు గడ్డకడితే పురుగూ దొరకదు, నాచూ దొరకదు. పగటిపొద్దు కురచవుతుండగానే వాటికి ప్రయాణం మీద ధ్యాస పుడుతుంది.

హిమాయత్ సాగర్‌తో ఈ చుట్టరికం మరీ పాతదేం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్ళీ అలాంటి గండం రాకుండా విశ్వేశ్వరయ్యగారి సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీకి అడ్డంగా హిమాయత్ సాగర్ కట్టారు. రెండోది పూర్తయింది 1927లో. కట్టుకున్నది మన ప్రాణాలకోసం, మంచినీళ్ళకోసం. పిట్టల్ని ఎవరూ పిలవలేదు. అయితేనేం, అంచున నీరు పలచబడి బురద తేలితే వాటికి విస్తరి వేసినట్టే!

నాలుగేళ్ళు తిరక్కుండానే, 1931లో, నిజాం రాజ్యంలోని పిట్టల లెక్క తీయడానికి సాలిం అలీ వచ్చారు. జర్మనీలో చదివొచ్చినా ఉద్యోగం దొరకలేదు పాపం. జీతం వద్దు, డేరాల ఖర్చు పెట్టుకోండి చాలన్నారు. వెంట భార్య తెహ్మినా ఉన్నారు. ఊరూరా డేరాల్లోనే కాపురం! ఆ సర్వే 1933-34లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో అచ్చయింది, ఆయన పేరుతో. 1939లో ఆమె కన్నుమూశారు. పిట్టలన్నీ లెక్కకొచ్చాయి గానీ, ఆ ఇల్లాలి శ్రమ ఏ పట్టికలోకీ ఎక్కలేదు.

2008 మార్చిలో శంషాబాద్‌కి విమానాలొచ్చాయి. వాటి వెంట రోడ్లు, మేడలు. విమానానికి పిట్ట అడ్డొస్తే ఇద్దరికీ ప్రమాదమే కనుక విమానాశ్రయాలవాళ్ళు పిట్టల్ని దగ్గరికి రానివ్వరు. అది తప్పు కాదు. కాని బురద అంచులు కూడా ఇళ్ళ స్థలాలైపోతే, పిట్టలు రావడం తగ్గిందో లేదో చెప్పేదెవరు? ఎవరైనా ఏడాదికేడాది రాసిపెట్టి ఉండాలి. 1980లో ఇక్కడ పక్షి ప్రేమికులు సంఘం పెట్టుకున్నది అందుకే.

అయినా పిట్టను చూడ్డం మనకి కొత్తా? దసరానాడు పాలపిట్ట కనబడితేగాని పండగైనట్టుండదు కదా. ఈసారి దాన్ని చూశాక చెరువుగట్టుకీ ఓసారి వెళ్ళిరండి. ఏం కనిపించాయో, ఎన్నో, పాల లెక్క వేసుకునే కేలెండరులోనే ఓ మూల రాసిపెట్టండి. కింద మీ పేరూ రాసుకోండి సుమా!