ఒక టైరు మారిస్తే రెండోది ఊరుకుంటుందా?



మోటారు సైకిలు వెనుక టైరు అరిగి నున్నబడింది. ముందు టైరు ఇంకా ఏడాది వచ్చేలా ఉంది. దుకాణానికి వెళితే ముందున్న కంపెనీ టైరు లేదు, ఇంకో కంపెనీది ఉంది. వేయించుకోవచ్చా, కూడదా? హోసూరులో అడిగినా, బళ్ళారిలో అడిగినా, పర్లాకిమిడిలో అడిగినా మీకు రెండు జవాబులు దొరుకుతాయి. "చక్రానికి పట్టి, గాలి నిలిస్తే చాలు, ఏదైతే ఏమిటి?" అంటారు ఒకరు. "రెండు కంపెనీలు కలిపితే బండి జారి పడేస్తుంది" అంటారు మరొకరు. రెండు మాటల వెనుకా చరిత్ర ఉంది. రెండూ ఒకప్పుడు వేరే సందర్భంలో సరైన మాటలే. సందర్భం పోయింది, మాటలు మిగిలాయి.

గాలి టైరును మొదట ఆలోచించినవాడు స్కాట్లండుకు చెందిన రాబర్ట్ థామ్సన్. 1845లోనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అది అప్పట్లో వాడుకలో నిలవలేదు. జనం మరచిపోయారు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసిన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పేటెంటు తరువాత చెల్లకుండా పోయినా, డన్‌లప్ పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో ఆ కంపెనీ కర్మాగారం వెలిసింది. మన తాతల కాలంలో టైరు అంటే డన్‌లప్పే. ఇప్పుడా కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది.

ఇక మనకు దగ్గరి కథ మద్రాసుది. 1946లో తిరువొత్తియూరులో మామ్మెన్ మాప్పిళ్ళై అనే ఆయన పిల్లలు ఆడుకునే బుడగలు చేయడం మొదలుపెట్టారు. 1952లో పాత టైర్లకు పైపొర వేసే రబ్బరులోకి దిగారు. 1960 తరువాత అమెరికాలోని మాన్స్‌ఫీల్డ్ కంపెనీ సాయంతో టైర్లే చేశారు. అదే ఎం.ఆర్.ఎఫ్., అంటే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. 1955లో స్థాపించిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్ బండి తయారైందీ ఆ తిరువొత్తియూరులోనే. బండీ, టైరూ ఒకే పేటలో పుట్టాయన్నమాట. ఇటలీ కంపెనీ సియట్ కూడా 1958లో బొంబాయి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆనాటి బుల్లెట్టుకు ముందు, వెనుక రెండు చక్రాలకూ ఒకటే సైజు: 3.25-19. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరుకూ అంతే, రెండు చక్రాలూ 3.50-10, పైగా స్టెప్నీ ఒకటి. (స్టెప్నీ అన్న మాట కన్నడంలోనూ తమిళంలోనూ తెలుగులోనూ ఒకటే. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లి ఊళ్లో, స్టెప్నీ వీధిలో అదనపు చక్రాలు చేసిన కంపెనీ పేరది. ఆ ఊరు మనకు తెలియదు, వీధి పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది.)

మూడు టైర్లూ ఒకే సైజయితే ఇంటి యజమాని ఏం చేస్తాడు? వెనుకది అరగగానే స్టెప్నీ బిగిస్తాడు. సగం అరిగినదాన్ని ముందుకు మారుస్తాడు. కొత్తది ఒక్కటే కొంటాడు, అదీ దుకాణంలో దొరికిన కంపెనీది. బండి కోసమే ఏళ్ల తరబడి వేచి ఉన్న రోజుల్లో టైరు కంపెనీని ఎంచుకునేదెవరు? ఒకే స్కూటరు మీద మూడు పేర్లు కనబడేవి. చిన్న చక్రాలు, తక్కువ వేగం కాబట్టి చాలామందికి సాగిపోయింది. "ఏదైతే ఏమిటి" అన్న మాట ఆ ఇళ్లలో పుట్టిందని నా ఉద్దేశం.

"కలపకూడదు" అన్న మాటది వేరే దారి. అది కార్లది. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. పాత రకం టైరులో లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా పోతాయి, పైన ఒక పట్టీ ఉంటుంది. మలుపులో ఈ రెండు రకాలూ ఒకేలా వంగవు. కారుకు ఒక ఇరుసు మీద కుడి చక్రానికి ఒక రకం, ఎడమకు ఇంకో రకం వేస్తే కారు పక్కకు లాగుతుంది. అందుకే కలపవద్దన్నారు. అన్నది రకాల గురించి, కంపెనీల గురించి కాదు. మోటారు సైకిలుకు ఇరుసుకు ఒక్కటే చక్రం. నోటి నుంచి నోటికి వచ్చేసరికి "రకం" పోయి "కంపెనీ" వచ్చి కూర్చుంది.

అసలు ముందు టైరు, వెనుక టైరు ఒకేలా ఉండాలని తయారుచేసేవారే అనుకోలేదు. పాత బుల్లెట్లకు చూసి ఉంటారు, ముందు టైరుకు చుట్టూ పొడుగు గీతలు, వెనుక దానికి దిమ్మలు దిమ్మలుగా. ముందు చక్రం దారి చూపాలి, బ్రేకు పట్టాలి. వెనుకది బండిని తోయాలి, బరువు మోయాలి. పని వేరు, అచ్చు వేరు.

1985లో యమహా ఆర్.ఎక్స్. 100 వచ్చింది. ముందు 2.50-18, వెనుక 2.75-18. ఇలాంటి బండ్లతో సైజులే వేరయ్యాయి, వేగం పెరిగింది. పాత అలవాటు మాత్రం కొన్ని ఇళ్లలో పోలేదు. నేటికీ కొందరు సగం అరిగిన వెనుక టైరును ముందుకు వేయమని అడుగుతారు. నన్నడిగితే, రెండు కంపెనీలు కలపడం కన్నా ఇది ఎన్నో రెట్లు చెడ్డది. వెనుక టైరు నడిమధ్య అరిగి చదునవుతుంది. దాన్ని ముందుకు వేస్తే మలుపులో హ్యాండిల్ ఒక్కసారిగా వాలుతుంది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. వానలో వెనుక చక్రం కాస్త జారితే నిలదొక్కుకోగలం. ముందుది జారితే మాత్రం పడ్డాకే తెలుస్తుంది.

సైజు ఒకటే కదా అంటారా? ఇప్పటి స్ప్లెండర్ చూడండి. రెండు చక్రాలకూ 80/100-18 అనే ఉంటుంది. 80 మిల్లీమీటర్ల వెడల్పు, ఆ వెడల్పుకు నూటికి నూరు వంతుల ఎత్తు, 18 అంగుళాల రిమ్ము. ఏడో తరగతి పిల్లలకు శాతాలు చెప్పడానికి ఇంతకన్నా మంచి లెక్క లేదు. కానీ ఆ అంకెల పక్కన ముందు టైరుకు 47పి అని, వెనుక దానికి 54పి అని ఉంటుంది. 47 అంటే 175 కిలోలు మోయగలదని, 54 అంటే 212 కిలోలని. పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వరకు. వెనుక ఇల్లాలు, ఒడిలో బిడ్డ, పక్కన బియ్యం మూట. ఆ 37 కిలోల తేడా అప్పుడు లెక్కకు వస్తుంది.

కాబట్టి వెనుక టైరు ఒక్కటే మార్చాల్సి వస్తే వేరే కంపెనీది తీసుకోవచ్చు. సైజు బండి పుస్తకంలో ఉన్నదే కావాలి. బరువు అంకె, వేగం అక్షరం అంతకన్నా తగ్గకూడదు. సైజులో ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్. ముందు రేడియల్, వెనుక పాత రకం ఎప్పుడూ వద్దు. ముందు పాత రకం, వెనుక రేడియల్ మాత్రం కంపెనీయే అలా ఇస్తే సరే. 2011లో వచ్చిన రెండో తరం యమహా ఆర్15కు అలాగే ఇచ్చారు. రెండు టైర్లూ ఒకేసారి అరిగితే మాత్రం జతే కొనండి. తయారుచేసేవారు ముందూ వెనుకా కలిపి పరీక్షించిన జత అది. పది మంది మాటల కన్నా ఆ పరీక్ష మేలు.

ఇంకో అంకె చాలామంది చూడరు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ముందు టైరు నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి దానికి గాడులు నిండుగా ఉండగానే రబ్బరు గట్టిపడి, అంచుల్లో పగుళ్లు వస్తాయి. పక్కనే కొత్త వెనుక టైరు మెత్తగా రోడ్డును పట్టుకుంటుంది, ముందుది పట్టుకోదు. కంపెనీలు ఒకటే అయినా ఈ జత మంచిది కాదు. గాడుల అడుగున చిన్న దిమ్మ ఉంటుంది. టైరు అరిగి దానితో సమానమైతే మార్చవలసిందే. రెండు చక్రాల బండికి చట్టం చెప్పే లోతు 0.8 మిల్లీమీటరు. వానాకాలం అంతదాకా ఆగకపోవడమే నయం.

ట్యూబున్న చక్రమైతే టైరుతోపాటు ట్యూబూ మార్పించండి. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో బిగించేటప్పుడే చూడండి. కొత్త టైరు మీద నున్నని పొర ఉంటుంది, మొదటి నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా పోనివ్వండి.