నూరడుగుల మినార్ల మందుల అంగడి

2006. చెన్నై అన్నాసాలై. జనరల్ ప్యాటర్స్ రోడ్డు మూలనున్న ఎర్ర మేడ మీద సుత్తులు పడుతున్నాయి. కప్పు విరుగుతోంది, ఇటుకలు రాలుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఆగితే అక్కడ ఖాళీ స్థలమే మిగిలేది. ఇంతలో వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ మద్రాసు హైకోర్టు తలుపు తట్టింది. స్టే వచ్చింది, సుత్తులు ఆగాయి.

ఆ మేడ కథ 1897 నాటిది. డబ్ల్యూ.ఇ. స్మిత్ అనే దొర అక్కడ మందుల అంగడి పెట్టాడు. పేరు కార్డైల్ బిల్డింగ్. నమూనా గీసింది జె.హెచ్. స్టీఫెన్స్. అప్పుడు మన ధర్మవరం ఉన్న అనంతపురం జిల్లాకు కూడా మద్రాసే రాజధాని. ధర్మవరంలో రైలెక్కి హైకోర్టు పని మీద వెళ్లిన మన రైతో, వర్తకుడో మౌంట్ రోడ్డులో, అంటే ఇప్పటి అన్నాసాలైలో, తలెత్తి చూసి ఏమనుకుని ఉంటాడు? ‘మాత్రలమ్మే కొట్టుకు ఇంత హంగా?’ అనే కదా!

హంగే అక్కడ అసలు వ్యాపారం. కొన దేలిన గోతిక్ కమానులు, వాటి పైన నూరడుగుల మినార్లు. దూరం నుంచే కంటబడాలి, లోపల దొరికేది మేలిసరుకన్న నమ్మకం కుదరాలి. ఇలా రెండు మూడు సంప్రదాయాలు కలిపి కట్టడాన్ని ఇండో సారసెనిక్ అన్నారు. పెనుకొండ గగనమహల్ చూసినవాళ్లకు అందులో వింతేమీ లేదు. తురక పద్ధతి కమానుల మీద గుడి విమానం లాంటి శిఖరాన్ని విజయనగరం వాళ్లు దొరలకంటే ఎంతో ముందే నిలబెట్టారు.

1934లో మేడ భారత్ ఇన్సూరెన్స్ చేతికొచ్చింది. 1896లో లాహోరులో లాలా హరికిషన్ లాల్ పెట్టిన కంపెనీ అది. తర్వాత దాల్మియా వ్యాపార కుటుంబం పరమైంది. అందులో పాలసీదారుల సొమ్ము దారి మళ్లిన తీరును 1955లో ఎంపీ ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో బయటపెట్టారు. మరుసటి ఏడాది బీమా జాతీయమైంది. 245 సంస్థలు కలిసి ఎల్ఐసీ అయ్యాయి. వాటి ఆస్తులతో పాటు ఈ మేడా దాని లెక్కలో చేరింది. 1959లో అదే రోడ్డులో ఎల్ఐసీ ఎత్తైన కొత్త భవనం లేచింది. పాత మేడకేమో వయసు మీద పడింది. 1998లో ప్రమాదకరమని చెప్పి అద్దెదారులను ఖాళీ చేయమన్నారు. ఎనిమిదేళ్లకు సుత్తులొచ్చాయి.

2010 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. భవనాన్ని కూల్చడానికి వీల్లేదంది కోర్టు. దాన్ని కాపాడింది జస్టిస్ పద్మనాభన్ కమిటీ తయారు చేసిన 467 వారసత్వ కట్టడాల జాబితా. అందులో పేరుంది గనుకే వాదన నిలిచింది. అయితే కూల్చడం ఆపించినంత తేలిక కాదు, కట్టించడం. తీర్పు తర్వాత కూడా సగం విరిగిన ఆ మేడ ఏళ్ల తరబడి శిథిలంగానే ఉండిపోయింది.

హిందూపురం, ధర్మవరం బజార్లలో పాత అంగళ్లున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ముందు ఫొటోలు తీయించండి, కొలతలు రాయించండి, మునిసిపాలిటీకి అర్జీ పెట్టి జాబితాలో చేర్పించండి. జాబితాలో లేని మేడ కోసం ఏ కోర్టులోనైనా వాదించడం కష్టం.