సయాటికా: కారణాన్వేషణ నుండి సూక్ష్మ శస్త్రచికిత్స వరకు

ఉపోద్ఘాతం

నడుములో మొదలై పిరుదు, తొడ మీదుగా పాదం వరకు లాగే నొప్పితో బాధపడేవారిని మీరు చూసే ఉంటారు. దీనిని సయాటికా అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటూన్యో 1764లో కీళ్ల వల్ల వచ్చే తుంటి నొప్పిని, నాడి వల్ల వచ్చే నొప్పిని వేరుచేసి చూపాడు. అయితే ఆ నాడిని నొక్కుతున్నది ఏమిటో రుజువు కావడానికి మరో 170 ఏళ్లు పట్టింది. ఇంత ఆలస్యం ఎందుకైందో పరిశీలిద్దాం.

1. కనిపించినా గుర్తించలేదు

వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ పైపొర చిరిగి, లోపలి గుజ్జు వెనక్కి పొడుచుకువస్తే పక్కనున్న నాడీమూలం నలుగుతుంది. 1908లో బెర్లిన్‌లో ఫెడోర్ క్రౌసె ఇటువంటి ముక్కనే తొలగించాడు. రోగి కోలుకున్నాడు. కాని క్రౌసె, అతనితో పనిచేసిన నాడీవైద్యుడు హెర్మన్ ఓపెన్‌హైమ్ దానిని మృదులాస్థి కణితిగా భావించారు.

బోస్టన్‌లో విలియం మిక్స్టర్, జోసెఫ్ బార్ తమ ఆసుపత్రిలో ‘కణితులు’గా భద్రపరచిన నమూనాలను తిరిగి పరీక్షింపజేశారు. వాటిలో చాలావరకు డిస్క్ ముక్కలేనని తేలింది. 1934లో వారు 19 మంది రోగుల వివరాలతో వ్యాసం ప్రచురించారు. ఇక్కడ మీరు గమనించవలసినది ఒకటుంది: నమూనాలు పాతవే, వాటిని అడిగిన ప్రశ్న మాత్రమే కొత్తది.

2. సూక్ష్మదర్శిని రాక

తొలినాటి శస్త్రచికిత్సలో డిస్క్‌ను చేరడానికి వెన్నుపూస వెనుక పలకను విస్తారంగా తొలగించేవారు. ఇరుకైన, లోతైన గాయంలోకి వెలుగు చేరకపోవడం ఇందుకు ఒక కారణం. శస్త్రచికిత్స సూక్ష్మదర్శిని వెలుగును, పెద్దగా కనిపించే దృశ్యాన్ని ఒకే దారిలో అందించింది. 1977లో జ్యూరిచ్‌లో యాసర్‌గిల్, జర్మనీలో కాస్పర్ ఈ పద్ధతిని వేర్వేరుగా ప్రకటించారు. కోత చిన్నదైంది, ఎముక నష్టం తగ్గింది.

3. ఎవరికి అవసరం?

పద్ధతి సులువైనంత మాత్రాన అందరికీ అవసరమని కాదు. నార్వే వైద్యుడు హెన్రిక్ వెబర్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స అవసరమా కాదా అని సందేహమున్న 126 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించారు. ఏడాది తరువాత శస్త్రచికిత్స పొందినవారి స్థితి మెరుగ్గా ఉంది. నాలుగేళ్ల నాటికి చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. మూత్రంపై అదుపు తప్పడం, కాలి బలహీనత పెరగడం వంటి లక్షణాలుంటే మాత్రం జాప్యం ప్రమాదకరం. కాబట్టి ఈ చరిత్రను కేవలం పరికరాల విజయంగా చదవకండి. సరైన ప్రశ్న అడగడం నేర్చుకున్న చరిత్రగా చదవండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1908 నాటి శస్త్రచికిత్స ఫలించినా వ్యాధి కారణం ఎందుకు తెలియలేదు?
2. సూక్ష్మదర్శిని వల్ల శస్త్రచికిత్సలో వచ్చిన మార్పులేవి?
3. వెబర్ అధ్యయనం నుండి మీరు ఏమి గ్రహించారు?