అమెరికా పోయిన మన కోతులు

మావైపు, అంటే దేవరకొండ నుంచి అచ్చంపేట దాకా, ఈమధ్య ఏ ఇంటికెళ్ళినా మాట వానలతో మొదలై కోతుల దగ్గర ఆగుతోంది. పల్లి చేను వేసినోళ్ళకి కోతులు, మక్క వేసినోళ్ళకి కోతులు, ఏమీ వేయనోళ్ళకి ఇంటి పెంకుల మీద కోతులు. చేను గట్టున పులి బొమ్మ ఫ్లెక్సీ కడతారు. రెండ్రోజులు భయపడి మూడో రోజు దాని మీదే ఎక్కి కూర్చుంటాయి. కొందరు కొండెంగను తెచ్చి కాపలా పెడతారు. 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వ నినాదమే "వానలు వాపసు రావాలె, కోతులు వాపసు పోవాలె" అని. వానల సంగతేమో గానీ కోతులు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఈ చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఇంకోటుంది. మా మేనమామ అయితే ప్రతి పండక్కీ అంటాడు. "అమెరికోళ్ళకు మందులు కనిపెట్టనీకి కోతులు గావాలంట గదరా. ఇయన్నీ పట్టి ఆడికి తోలరాదూ? మీ కంపెనోళ్ళకు నువ్వన్నా చెప్పరాదూ?" (మా కంపెనీ బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మామ దృష్టిలో అమెరికా అంతా ఒకటే ఆఫీసు.)

నిజానికి ఆ పని మన దేశం ఎప్పుడో చేసింది. లక్షల్లో చేసింది. తర్వాత కోపమొచ్చి ఆపేసింది. ఆపేసిన మూడేళ్ళకి ఎయిడ్స్ బయటపడింది. ఆ వైరస్ గురించి, దాన్ని మన ఒళ్ళు ఎలా ఎదుర్కొంటుందన్న దాని గురించి ఇవాళ తెలిసిన దాంట్లో చాలా భాగం, అలా ఓడలెక్కి విమానాలెక్కి పోయిన కోతుల మనవలు మునిమనవల ఒంట్లోంచి వచ్చిందే. మన ఎన్నారైల చరిత్ర మీద బోలెడు పుస్తకాలున్నాయి. వీటి మీద తెలుగులో ఎవరూ రాసినట్టు నాకు కనబళ్ళేదు, అందుకే ఈ టపా.

ముందు ఒక తేడా చెప్పాలి. పోయినవి మన కోతులు అంటున్నా గానీ అవి నల్గొండ, పాలమూరు కోతులు కావు. కృష్ణ ఒడ్డున, నల్లమల అంచున తరతరాలుగా ఉన్నది బోనెట్ మకాక్. నడినెత్తిన పాపిడి తీసి టోపీ పెట్టినట్టు జుట్టు, పొడుగు తోక. అమెరికాకి కావాల్సింది రీసస్ మకాక్. పొట్టి తోక, వెనకభాగం ఎర్రగా ఉంటుంది, ఉత్తరాది కోతి. పడమట తపతి, తూర్పున గోదావరి, ఈ రెండు నదులూ వాటి మధ్య సరిహద్దు అని పాత పుస్తకాలు చెప్పేవి. ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. రీససులు దక్షిణానికి దిగుతున్నాయనీ, అవి వచ్చినచోట బోనెట్లు తగ్గిపోతున్నాయనీ అనింద్య సిన్హా బృందం 2011లో రాసింది. ఒకచోట పట్టిన కోతుల్ని లారీలో తెచ్చి ఇంకోచోట వదిలేసే మన అలవాటు కూడా దీనికి కొంత సాయం చేసింది.

సరే, ఎగుమతి కథకొద్దాం. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే ఆయన ఉత్తర భారతంలో పట్టించిన రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్ళి, పోర్టోరికో పక్కన కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో 409 వదిలాడు. వాటి సంతానం ఇప్పటికీ అక్కడ ఉంది. అసలు వరద మాత్రం 1950ల్లో వచ్చింది. పోలియో టీకా తయారుచెయ్యాలంటే వైరస్‌ను రీసస్ కోతి మూత్రపిండాల కణాల్లో పెంచాలి. 1950ల చివర్లో ఏడాదికి లక్షకు పైగా కోతులు మన దేశం నుంచి పోయేవి. 1955 జనవరిలో లండన్ విమానాశ్రయంలో ఒక వ్యానులో గాలాడక 394 కోతులు చచ్చిపోయాయి. ఇక్కడ పెద్ద గొడవైంది, ఎగుమతి కొన్నాళ్ళు ఆగింది, తర్వాత షరతులతో మళ్ళీ మొదలైంది. షరతుల సారాంశం ఒక్కటే: వైద్య పరిశోధనకీ టీకాలకీ వాడుకోండి, యుద్ధం పనులకి వాడొద్దు.

ఓపెన్ సోర్స్ లైసెన్స్ చదవకుండా కోడ్ వాడేసుకునే కంపెనీల గురించి మనకు తెలుసు కదా, అదే జరిగింది. అమెరికా సైన్యానికి చెందిన రేడియోబయాలజీ సంస్థలో రీసస్ కోతులకు భారీగా రేడియేషన్ ఇచ్చి, చక్రం మీద పరిగెత్తించి ఎంతసేపటికి కూలిపోతాయో చూస్తున్నారని 1977లో బయటికొచ్చింది. న్యూట్రాన్ బాంబు రోజులవి. షర్లీ మెక్‌గ్రీల్ నడిపిన ప్రైమేట్ రక్షణ సంస్థ ఆ కాగితాలన్నీ తీసి మన ప్రభుత్వానికి అందించింది. అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్. 1978 ఏప్రిల్ 1 నుంచి ఎగుమతి బంద్. ఎంతమంది శాస్త్రవేత్తలు బతిమాలినా ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. అది సరైన నిర్ణయమే అంటాను నేను. ఒప్పందం తప్పినవాడికి మళ్ళీ సరుకు ఎందుకివ్వాలి? పైగా అడవి కోతుల్ని 1959 నుంచి లెక్కపెడుతూ వచ్చిన సౌత్‌విక్, సిద్దిఖీల సర్వేల్లో వాటి సంఖ్య బాగా పడిపోయింది. నిషేధం తర్వాతే మళ్ళీ కోలుకుంది.

మా మామ ఐడియా ఇప్పుడు పనికొస్తుందా అంటే, రాదు. గుడి మెట్ల మీద కొబ్బరిచిప్పలు లాక్కునే కోతిని ఇప్పుడు ఏ ల్యాబూ తీసుకోదు. వాళ్ళకి తల్లీతండ్రీ, జన్యువులూ, ఇంతకుముందు వచ్చిన వైరస్‌లూ అన్నీ రికార్డులో ఉన్న, అక్కడే పుట్టిన కోతి కావాలి. అడవి రీససుల్లో చాలావాటికి హెర్పిస్ బి ఉంటుంది. కోతికి ఏమీ కాదు, మనిషికి అంటితే ప్రాణాంతకం. మన దగ్గర బోనెట్‌కైతే ఆ గిరాకీ కూడా లేదు.

నిషేధం తర్వాత అమెరికావాళ్ళు తమ దగ్గరున్న కోతుల్నే పెంచడం మొదలుపెట్టారు. పోర్టోరికో నుంచి సుమారు 1,400 రీససుల్ని తెచ్చి సౌత్ కరోలినాలో మోర్గన్ దీవి మీద వదిలారు. పరిశోధన పత్రాల్లో వీటిని ఇప్పటికీ "భారతీయ మూలం" కోతులు అనే రాస్తారు. ఎన్ని తరాలైనా ఆ ముద్ర పోదు. (గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళు నవ్వుకోవచ్చు.) ఆ ముద్ర ఊరికే పెట్టింది కాదు. ఒకే వైరస్ ఎక్కిస్తే చైనా మూలం రీససుల్లో వైరస్ లెక్క తక్కువగా, జబ్బు నెమ్మదిగా ఉంటుంది. భారతీయ మూలం వాటిలో ఎక్కువ.

ఎయిడ్స్ మొదటి కేసుల నివేదిక 1981 జూన్ 5న వచ్చింది. 1985లో హార్వర్డ్ వాళ్ళ న్యూ ఇంగ్లండ్ ప్రైమేట్ కేంద్రంలో జబ్బుపడిన రీససుల్లో హెచ్ఐవీని పోలిన వైరస్ దొరికింది. దాని పేరు ఎస్ఐవీ. అది రీససుల సొంత వైరస్ కాదు. ఆఫ్రికాకు చెందిన సూటీ మాంగబే అనే కోతిది. కాలిఫోర్నియా కేంద్రంలో రెండు జాతుల్నీ ఉంచినప్పుడు, ఎవరికీ తెలియకుండా వీటిలోకి దాటింది. విచిత్రం ఏంటంటే మాంగబే ఒంట్లో ఆ వైరస్ కుప్పలుగా ఉన్నా దానికి ఎయిడ్స్ రాదు. వేల ఏళ్ళ కాపురం కదా, రాజీపడిపోయాయి. ఆసియా కోతులకి ఆ వైరస్ ముఖపరిచయం కూడా లేదు. అందుకే రీసస్‌లోకి రాగానే అచ్చం మనిషికొచ్చే ఎయిడ్సే వచ్చింది. మనకు హెచ్ఐవీ వచ్చింది కూడా ఇదే దారిలో, కామెరూన్ అడవుల చింపాంజీల నుంచి. అది బియాట్రిస్ హాన్ బృందం 1999లో, 2006లో తేల్చింది.

మనుషుల్లో ఇన్‌ఫెక్షన్ ఏ రోజు వచ్చిందో మనకు తెలియదు. పరీక్షలో బయటపడేసరికి నెలలో, ఏళ్ళో గడిచిపోతాయి. కోతిలో మాత్రం రోజూ, గంటా కూడా తెలుసు. మనం లాగ్స్ లేకుండా సర్వర్ ఎందుకు పడిపోయిందో వెతకడం, లాగ్స్ చూసి వెతకడం, అంత తేడా. 1998లో రీససుల పేగుల్ని చూస్తే, ఎస్ఐవీ ఎక్కిన కొద్ది రోజుల్లోనే అక్కడి సీడీ4 కణాలు తుడిచిపెట్టుకుపోయాయి. రక్తపరీక్షలో సీడీ4 ఇంకా ఫర్వాలేదన్నట్టే కనిపిస్తోంది, లోపల ఇల్లు అప్పటికే కూలింది. 1999లో ఇంకో ప్రయోగం: ఒక యాంటీబాడీ ఇచ్చి కోతుల్లో సీడీ8 కణాల్ని తాత్కాలికంగా తీసేశారు, వైరస్ ఎగిసింది. ఆ కణాలు తిరిగొచ్చాక తగ్గింది. వైరస్‌కు పగ్గం వేస్తున్నది ఎవరో అప్పుడు తేలింది. ఇలాంటివి మనిషి మీద చెయ్యలేరు, చెయ్యకూడదు.

ఇక్కడో చిక్కుంది. హెచ్ఐవీ రీసస్‌లో పెరగదు. కారణం ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రోటీన్ అని 2004లో తెలిసింది, అది వైరస్ పెంకు లోపలికి రాగానే పట్టేస్తుంది. అందుకని శాస్త్రవేత్తలు ఎస్ఐవీ లోపలి భాగాలకి హెచ్ఐవీ పైతొడుగు తొడిగి షివ్ అనే సంకరాన్ని తయారుచేశారు. ఆ తర్వాత కథ మన టెస్టింగ్ టీమ్ వాళ్ళకి బాగా అర్థమవుతుంది.

2001లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. మొదటి పేరు రామారావు అమర. మన బెంగళూరు ఐఐఎస్సీలో పీహెచ్‌డీ చేసి, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం యెర్కిస్ ప్రైమేట్ కేంద్రంలో హారియెట్ రాబిన్సన్ దగ్గర చేరినవాడు. 0, 8 వారాల్లో డీఎన్ఏ టీకా, 24వ వారం ఎంవీఏ అనే బలహీనపరిచిన వైరస్‌తో బూస్టర్. ఏడు నెలలాగి రీససులకు షివ్-89.6పి ఎక్కించారు. టీకా ఇన్‌ఫెక్షన్‌ను ఆపలేదు గానీ వైరస్‌ను అణిచి ఉంచింది, జబ్బు రానివ్వలేదు. అప్పట్లో పేపర్లన్నిట్లో వచ్చింది. టీకా మనుషుల మీద భద్రత పరీక్షలు దాటింది గానీ, జనానికి వేసే టీకా కాలేకపోయింది.

అదే షివ్ మీద మెర్క్ కంపెనీ టీకా కూడా బ్రహ్మాండంగా పాసైంది. దాన్ని సుమారు 3,000 మంది మీద పరీక్షిస్తే, 2007 సెప్టెంబరులో మధ్యలోనే ఆపేయాల్సొచ్చింది. ఏమీ కాపాడలేదు. తర్వాత చూస్తే స్టేజింగ్ సర్వరే ప్రొడక్షన్‌లా లేదు. షివ్-89.6పి చాలా వేగంగా చంపే వైరసే గానీ, టీకాకి లొంగడం తేలిక. కణంలోకి అది దూరే తలుపు కూడా మనుషుల్లో అంటుకునే మామూలు హెచ్ఐవీ వాడే తలుపు కాదు. మొండి ఎస్ఐవీ రకాల మీద ఫలితం అంత బాగా లేదని కొన్ని ప్రయోగాలు అప్పటికే చెప్తున్నాయి. పాసైన టెస్టునే అందరూ నమ్మారు, మనలాగే. 2020లో, 2021లో, 2023లో కూడా పెద్ద టీకా పరీక్షలు ఆగిపోయాయి. "చూశారా, కోతుల ప్రయోగాలు దండగ" అనేవాళ్ళు ఇవన్నీ చూపిస్తారు. వాళ్ళ మాటలో సగం నిజం ఉంది.

మిగతా సగం నాకు జడ్చర్ల రోడ్డు మీద కనిపిస్తుంది. 2000ల మొదట్లో ఊరూరా పులిరాజా హోర్డింగులు ఉండేవి, గుర్తుందా? మా పిల్లలకి అదొక జోకు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఒక లారీ క్లీనర్ "ఆ జబ్బు"తో పోయాడు. పాడె మొయ్యడానికి నలుగురు దొరకలేదు. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో కొద్ది ఆస్పత్రుల్లో మొదలైంది గానీ ఆ ధైర్యం అప్పటికి మా ఊరిదాకా రాలేదు.

ఆ మందుల్లో తర్వాత ముఖ్యమైనది టెనోఫోవిర్. ఆ కుటుంబం అణువుల్ని ప్రాగ్‌లో ఆంటొనీన్ హోలీ తయారుచేశాడు. 1995లో సియాటిల్‌లో మకాక్ కోతులకి (ఇవి మనవి కావు, ఆగ్నేయాసియా పొడుగుతోక రకం) ఎస్ఐవీ ఎక్కించడానికి 48 గంటల ముందు కొన్నిటికి, ఎక్కించిన 4 గంటలకు కొన్నిటికి, 24 గంటలకు కొన్నిటికి ఈ మందు మొదలుపెట్టి నాలుగు వారాలు ఇచ్చారు. మందు తీసుకున్న ఒక్క కోతికీ వైరస్ అంటలేదు. తీసుకోని అన్నిటికీ అంటింది. 2001లో మందుకి అనుమతి వచ్చింది. 2008లో అమెరికా సీడీసీ వాళ్ళు రీససుల మీద చూశారు, 2010లో మనుషుల్లో రుజువైంది, 2012లో జబ్బు రాకుండా ముందే వేసుకునే బిళ్ళగా అమెరికా ఒప్పుకుంది. ఇక్కడ టెస్టూ ప్రొడక్షనూ ఒకే మాట చెప్పాయి.

పాలమూరు వైపు వెళ్తుంటే జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ వస్తుంది. (అక్కడ భూములు పోయిన రైతుల కథ ఇంకో టపాకి సరిపడా ఉంది, దాన్ని ఒక్క వాక్యంలో తేల్చడం అన్యాయం.) ప్రపంచానికి చవకగా ఎయిడ్స్ మందులు అమ్మే హెటిరో, అరబిందో రెండిటికీ అక్కడ యూనిట్లున్నాయి. 2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాది మందులకి పదివేల డాలర్ల పైమాటే. 2017లో టెనోఫోవిర్ కలిసిన మూడు మందుల ఒకే బిళ్ళ పేద దేశాలకి ఏడాదికి 75 డాలర్లకి దిగింది. తయారీదార్లలో అరబిందో ఒకటి.

కొత్తగా వచ్చింది లెనకాపవిర్, ఏడాదికి రెండే ఇంజెక్షన్లు. దానికి అన్నలాంటి మందును రీసస్ కోతుల మీద షివ్‌తో పరీక్షించిన ఫలితాలు 2022లో వచ్చాయి. 2024లో ఆఫ్రికాలో లెనకాపవిర్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ రాలేదు. దాని జెనెరిక్‌ను 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకి ఇస్తామని 2025 సెప్టెంబరులో రెండు కంపెనీలు ఒప్పుకున్నాయి. డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదువే.