మట్టిలేని సాగు: పోరుమామిళ్ళ శాసనం చెప్పే నీటి లెక్క

ఉపోద్ఘాతం:
మట్టితో పనిలేకుండా, పోషక లవణాలు కలిపిన నీటిలో మొక్కలను పెంచే పద్ధతి హైడ్రోపోనిక్స్. కర్నూలు, కడప వంటి మెట్టప్రాంతాలకు ఇది తగిన సాగు అనే వాదాన్ని ఆ ప్రాంతపు నీటిపారుదల చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పద్ధతి పుట్టుక:
ఈ పద్ధతి కరవు నుండి పుట్టలేదు. మొక్కకు ఆహారమేది అనే ప్రశ్న నుండి పుట్టింది. 1699లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ వేర్వేరు రకాల నీటిలో పుదీనా జాతి మొక్కలను పెంచి పోల్చాడు. 1860 ప్రాంతంలో జర్మన్ శాస్త్రజ్ఞులు జాక్స్, క్నోప్ లవణ ద్రావణాలలోనే మొక్కలను పెంచి చూపారు. 1929 నుండి కాలిఫోర్నియాలో గెరిక్ దీనిని పంటల స్థాయికి తెచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సాగునేల కరువైన అసెన్షన్ దీవిలో అమెరికా సైన్యం ఇలాగే కూరగాయలు పండించింది. 1946లో షోల్టో డగ్లస్ బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో ప్రయోగాలు చేపట్టాడు.

సీమ అనుభవం:
రాయలసీమలో కొరత నేలది కాదు, నీటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప సీమలోని పోరుమామిళ్ళలో వేయించిన 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంది. నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం ఒక దోషం. నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం మరొక దోషం. చవుడు నేల కూడా దోషమే. నీటికీ నేలకూ పొందిక కుదరడమే సేద్యానికి మూలమని దీని భావం.

ఈ పొందికను గుర్తించకపోతే ఏమవుతుందో కర్నూలు–కడప కాలువ చూపింది. 1860లలో ఒక ఆంగ్ల కంపెనీ సుంకేసుల వద్ద తుంగభద్రపై ఆనకట్ట కట్టి ఈ కాలువను తవ్వించింది. నల్లరేగడి రైతులు దాని నీటిని ఆశించినంతగా వాడుకోలేదు. వాన తేమను పట్టి ఉంచే ఆ నేలే వారికి నీటి గాదె. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేసింది.

ముగింపు:
ద్రావణాన్ని మళ్ళీమళ్ళీ వాడుకోవడం వలన హైడ్రోపోనిక్స్‌లో ఇంకిపోయే నీరు ఉండదు. తక్కువ నీటితో చిన్న జాగాలో ఆకుకూరలు పండించడానికి అది అనువైనది. అయితే మట్టిని వదులుకోవడమంటే ఆ గాదెను వదులుకోవడమే. ద్రావణాన్ని పారించే పంపు ఆగితే వేళ్ళు గంటలలోనే వాడిపోతాయి. బోరునీటిలో ఉప్పు ఎక్కువైతే పోషకాల తూకం చెడుతుంది. కనుక జొన్న, శనగ పండే రేగడికి ఇది ప్రత్యామ్నాయం కాదు. సీమలో దీని విలువను దిగుబడితో మాత్రమే కాక, పోరుమామిళ్ళ శాసనం చూపిన నీటి లెక్కతో కూడా తూచవలసి ఉంది.